తల్లికోడి టీకా గారికి ఒక బ్రాయిలర్ రైతు అర్జీ

అయ్యా, కోళ్ల పేగుల్ని పాడుచేసే కాక్సీ రోగపు టీకా గారూ,

షాద్‌నగర్ వైపు నుంచి, కంపెనీ ఇచ్చిన పిల్లల్ని పెంచిపెట్టే ఒక కాంట్రాక్ట్ కోళ్ల రైతు దండాలు పెట్టి రాసుకునేది. నిన్న తమరి మీద అవగాహన సదస్సు అన్నారు. దాణా వేసే వేళకు షెడ్డు వదిలేసి ఫంక్షన్ హాల్లో కూర్చున్నాను. ఏసీ బాగుంది. బిర్యానీలో చికెన్ మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది, అదీ కోళ్ల రైతుల మీటింగులో!

తమరి గొప్ప కాదనను. ఇజ్రాయెల్‌లో కాక్సాబిక్ పేరుతో వచ్చారు. కాక్సీ తెచ్చే ఐమీరియా మాక్సిమా అనే పరాన్నజీవి ఆడ, మగ దశలో ఉండగా దాని ప్రోటీన్లు తీసి, పెట్ట గుడ్లకు రాకముందే కండకు రెండు సూదులు వేస్తారు. తల్లి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు పచ్చసొనలోకి దిగి పిల్లకు చేరతాయి. దాంతో కాక్సీ పూర్తిగా పోదు గానీ, పిల్ల రెట్టలో ఊసిస్టులు, అంటే రోగాన్ని పాకించే గుడ్లలాంటివి, తగ్గుతాయి. షెడ్డులో కింద పరిచిన ఊకలో అవి కొద్దికొద్దిగా తగులుతూ ఉంటే పిల్ల తనంతట తనే రాటుదేలుతుంది. తల్లి ఇచ్చిన బలం మూడు వారాలు దాటి పెద్దగా నిలవదు, అప్పటికి సొంత బలం వచ్చేస్తుంది. ఒక్క పెట్టకు వేస్తే వందకు పైగా పిల్లలకు మేలు. ఎంత చక్కటి ఆలోచన!

మరి మా షెడ్డులో దిగిన పిల్లల తల్లికి తమరు పడ్డారా లేదా?

నేనడిగింది ఇదొక్కటే. స్టేజీ మీద డాక్టరు సారు కంపెనీ సూపర్‌వైజర్ను చూశారు. సూపర్‌వైజర్ సెల్‌ఫోన్ను చూశాడు. చివరికి, "అది బ్రీడర్ సైడ్ మ్యాటరన్నా, మనకు రాదు" అన్నాడు. మనకు రాదట! పిల్ల నాకొస్తుంది, రోగం నాకొస్తుంది, తల్లి సంగతి మాత్రం రాదు. తల్లికోళ్లను పెంచే బ్రీడర్ ఫారం కంపెనీ వాళ్లదే, గుడ్లు పొదిగించే హ్యాచరీ వాళ్లదే, దాణా మిల్లు వాళ్లదే. గంబోరో రోగానికైతే తల్లికి టీకా వేశామని, పిల్లకు తల్లి నుంచే బలం వచ్చిందని వాళ్లే చెప్తారు కదా. కాక్సీ దగ్గరకొచ్చేసరికి తల్లి ఎవరో తెలియదా?

పిల్లల లోడుతో వచ్చే చలాన్ తీసి చూడండి. పెట్టెలెన్ని, పిల్లలెన్ని, ఎక్స్‌ట్రా ఎంత శాతం, బండి నంబరెంత, అన్నీ ఉంటాయి. డ్రైవర్ సంతకం కూడా ఉంటుంది. తల్లికి ఏ టీకా పడిందో రాసే గడి ఒక్కటి లేదు.

దాణాలో మందు ఉందిగా అంటారు. 1948లో సల్ఫాతో మొదలెట్టి ఇప్పటిదాకా కలుపుతూనే ఉన్నారు, కాక్సీ వాటికి అలవాటు పడుతూనే ఉంది.

పోయిన బ్యాచ్‌లో నాలుగో వారం ముసురు పట్టింది. పొద్దున్నే చూస్తే పిల్లలు రెక్కలు వేలాడేసుకుని డ్రింకర్ల కింద ముడుచుకున్నాయి. ఊక మీద ఎర్ర రెట్ట. సూపర్‌వైజర్ చచ్చినదాన్ని కత్తెరతో కోసి, పేగు చివర రెండు సంచులూ నల్లటి రక్తంతో ఉబ్బి ఉంటే నాకే చూపించి, "ఊక తడిగా ఉందన్నా, తిరగేయలేదు నువ్వు" అన్నాడు. ఆంప్రోలియం అనే కాక్సీ మందు నీళ్లలో కలిపాను. బతికినవి దాణా తిన్నాయి, బరువు మాత్రం రాలేదు. తిన్న దాణాకు వచ్చిన బరువు లెక్క, అదే ఎఫ్‌సీఆర్, పోయింది; పెంచినందుకు కంపెనీ ఇచ్చే గ్రోయింగ్ చార్జీలో కోత పడింది. తడి ఊక తప్పే, ఒప్పుకుంటా. తల్లికి సూది పడిందో లేదో చెప్పని తప్పు ఎవరి చార్జీలో కోశారు? చెప్పవయ్యా! నిన్ను ఏసీ హాల్లో తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకునే బదులు చలాన్‌లో ఆ గడి ఒక్కటి అచ్చు వేయించలేరా? వేస్తే వేశామని, వేయకపోతే వేయలేదని రాయండి. లేదని తెలిసినా నా జాగ్రత్తలో నేనుంటా కదా.

వచ్చే లోడు చలాన్‌లో అది లేకపోతే బండి వెనక్కి పంపుతానని రాద్దామనుకున్నాను. షెడ్డు మీద బ్యాంకు లోనుంది, దించుకుంటాలే.

ఇట్లు,
ఊక తిరగేయలేదని పేరు మోసిన రైతు