ఒక్కరోజులో భువనేశ్వర్, కోణార్క్, పూరీ మూడూనా?
బరంపురం నుంచి తెల్లారకుండా బయల్దేరితే భువనేశ్వర్, కోణార్క్, పూరీ మూడూ ఒకే రోజు చుట్టేయొచ్చని ఒక యాత్రా వ్యాసంలో రాశారు. చుట్టేయొచ్చు, కారు అద్దంలోంచి చూస్తే చాలనుకుంటే. భువనేశ్వర్ చేరడానికే సుమారు 170 కిలోమీటర్లు, ఇక పూరీ గుడి దగ్గర క్యూ ఎవరి చేతిలోనూ ఉండదు. విజయనగరం నుంచి చుట్టాలొస్తే మేం భువనేశ్వర్‌తోనే సరిపెడతాం. రోడ్డున వెళ్తే ఖుర్దా దాటాక ముందు తగిలేవి ఖండగిరి, ఉదయగిరి గుహల కొండలు. ఎండకి రాయి కాలకముందే అవి ముగించుకోవాలి. రాణీగుంఫా (గుంఫా అంటే గుహ) రెండంతస్తులూ నిదానంగా చూడండి, హాథీగుంఫాలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం 17 పంక్తులుంటుంది. తర్వాత పాత ఊరు. లింగరాజ గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి ఫొటోల సరదా ఉన్నవాళ్ళకి ముక్తేశ్వర గుడే గతి. దాని ముందున్న రాతి తోరణం చూసి మా పెద్దమ్మ "ఇంత చిన్న గుడికి ఇంత పనితనమా!" అని అక్కణ్ణుంచి కదల్లేదు. చల్లబడ్డాక ధౌళి కొండ. బండలోంచి ముందు సగం మాత్రమే బయటికొచ్చిన ఏనుగు, దాని కింద అశోకుడి శాసనాలు. తమాషా ఏమిటంటే, కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడ్డ 13వ శాసనం ఇక్కడ చెక్కించలేదు, కళింగవాళ్ళ కోసం వేరే రెండు చెక్కించాడు. అవే మన గంజాం జిల్లా జౌగడలోనూ ఉన్నాయి, బరంపురం నుంచి గంట ప్రయాణం. వ్యాసంలో దాని ఊసే లేదేం?