ముసలితనం రద్దయింది, గమనించగలరు

లేహ్యాల వల్ల కానిది, విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లారగట్ల నడకల వల్ల కానిది, ఆదాయపు పన్ను చట్టం సాధించింది. కొత్త పన్ను విధానంలో ముసలితనం లేదు. పాతికేళ్ల కుర్రాడికీ, ఎనభై దాటిన తాతగారికీ ఒకటే గీత: 4 లక్షలు దాటితేనే పన్ను లెక్క మొదలు. ఎముకల డాక్టర్లు కూడా ఇక దుకాణం కట్టేసుకోవచ్చు.

పాత విధానంలో వయసుకి మర్యాద ఉంది. శాస్త్రం షష్టిపూర్తి, సహస్ర చంద్రదర్శనం అంటే, చట్టం సీనియర్, సూపర్ సీనియర్ అంది. అరవై నిండితే 3 లక్షలు, ఎనభై నిండితే 5 లక్షల దాకా పన్ను లేదు. ఏప్రిల్ 1న పుట్టినవాళ్లు ఒక్కరోజు తేడాలో ఏడాది నష్టపోకూడదని, వాళ్లకి మార్చి 31 నాడే వయసు నిండినట్టు లెక్కని 2016లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరే ఇచ్చింది. తండ్రి పుట్టినరోజు మీద ఇంత శ్రద్ధ ఏ కొడుకు పెట్టాడు చెప్పండి?

కంచరపాలెంలో ఉండే మా పెదబావగారు పోర్టులో రిటైరై, ఈ ఎనభై కోసమే కాచుక్కూర్చున్నారు. తీరా నిండేసరికి 2025 బడ్జెట్ వచ్చింది. కొత్త విధానంలో రిబేటు (లెక్కకొచ్చిన పన్నుని మాఫీ చేయడం) పుణ్యమా అని 12 లక్షల దాకా మధురవాడ సాఫ్ట్‌వేర్ కుర్రాడు కూడా పైసా కట్టక్కర్లేదు.

"ఈ అయిదు లక్షల కోసమేనేటి నేనిన్నాళ్లు బతికింది?" అన్నారాయన.

పెద్దవాళ్లకి డిపాజిట్ల వడ్డీలో 50 వేలు, ఆరోగ్య బీమా ప్రీమియంలో 50 వేలు మినహాయించేది పాత విధానమే. కొత్తదాంట్లో ఆ రెండూ లేవు. సబబే. ముసలితనమే లేనప్పుడు మోకాళ్లకి బీమా దేనికి?

75 నిండితే రిటర్ను వేయక్కర్లేదన్న వరం కూడా ఒకటుంది. పన్ను లెక్క బ్యాంకే చూసుకుంటుంది. పెన్షను, వడ్డీ తప్ప వేరే రాబడి ఉండకూడదు, ఆ రెండూ ఒకే బ్యాంకులో ఉండాలి, అంతే. పావు శాతం వడ్డీ ఎక్కువిస్తారని తెలిస్తే ద్వారకానగర్ నుంచి ఎన్ఏడీ దాకా ఆటో కట్టించుకుని వెళ్లి డిపాజిట్ వేసొచ్చే మనుషులం మనం (ఆ పావు శాతం ఆటోవాడికే చాలదు, అది వేరే సంగతి). ఒకే బ్యాంకుతో కాపురం చేసినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఇక నవంబరు వస్తే పెన్షనిచ్చేవాళ్లు "ఉన్నారా?" అని అడుగుతారు. పన్నువాళ్లకి ఆ అనుమానం ఎప్పుడూ రాదు. మొన్న నవంబరులో మా బావగారి వేలిముద్ర ఎన్నిసార్లు నొక్కినా మిషన్ మీద పడలేదు. బతికున్నట్టు రుజువు కాలేదు. డిసెంబరు ఆఖరుకి వడ్డీలో టీడీఎస్ (చేతికివ్వకముందే పట్టుకునే పన్ను) మాత్రం ఠంచనుగా కోశారు.

ఆయన పాస్‌బుక్కు కళ్లకద్దుకున్నారు. "పోన్లేవయ్యా, ఒక్కళ్లయినా నమ్మారు."