రాజీనామాకి సెలవు చాలదు

సాయంత్రం ఆరు దాటాక విజయనగరం గంటస్తంభం దగ్గర టీ కొట్ల ముందు నిలబడితే, రోజుకి ఇద్దరు ముగ్గురైనా ఉద్యోగాలకి రాజీనామా చేసేస్తూ కనిపిస్తారు. మర్నాడు తొమ్మిదికి క్యారేజీ పట్టుకుని మళ్ళీ వాళ్ళే డ్యూటీకి బయల్దేరతారు. స్టోర్ కీపర్ అప్పలస్వామి గారి కోపం మాత్రం నిఖార్సైనది. బోల్టు చేత్తో తడిమి పది మిల్లీమీటర్లదో పన్నెండుదో చెప్పేయగల మనిషాయన. కొత్త యాజమాన్యం ఆయన రిజిస్టర్లని అటకెక్కించి, బోల్టుల డబ్బాలకి బార్‌కోడ్‌లంటించి, హాజరుకి ముఖం చూసే యంత్రం పెట్టింది.

ఆ యంత్రాన్ని ఎవరో మహానుభావుడు తూర్పు గుమ్మానికి ఎదురు గోడకి బిగించాడు. పొద్దున్న ఎండంతా మనిషి వీపు మీద పడుతుంది, కెమెరాకి నల్లటి ఆకారం తప్ప ఏమీ కనపడదు. పైగా నమోదు చేసినరోజు కళ్ళజోడు తీయించారు, ఆయనేమో జోడు లేకుండా గుమ్మం కూడా కనిపెట్టలేరు. యంత్రాన్ని పక్క గోడకి మార్చి, జోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి నమోదు చేస్తే సరిపోయేది. ఆ మాట చెప్పబోతే మేనేజరు కుర్రాడు, “అంకుల్, కొంచెం నవ్వి చూడండి” అన్నాడు.

ఇంతకాలం అక్కడ నవ్వమని ఆర్డరేసినవాడు లేడు. అంతే, రేపట్నించి రానన్నారు.

పకోడీ పొట్లం విప్పి, నూనె అంటని మూల, మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ లెక్క వేశారు. జీతం 38,000, అందులో సగం 19,000, సర్వీసు 22 ఏళ్ళు, వెరసి 4,18,000.

ఆఫీసులో పీఎఫ్ కాగితాలు చూసే పైడిరాజు పొట్లం లాక్కున్నాడు. “మొత్తం జీతం మీదేటి బావా లెక్క? బేసిక్కూ డీఏ మాత్రమే సూడాల. నీకది 26,000. దాన్ని 26తో బాగించి 15తో గుణించు. ఏడాదికి 15,000. నీ సర్వీసు 21 ఏళ్ళ 5 నెలల 18 రోజులు. ఆరు నెలలు దాటితేనే ఇంకో ఏడు కింద కడతారు.”

అంటే రేపు మానేస్తే 3,15,000. నోటీసు నెల పనిచేస్తే అదీ సర్వీసే కాబట్టి 3,30,000. చెయ్యకపోతే పదిహేను వేలు పోవడమే కాక నెల జీతం కూడా కోసేస్తారు. కోపానికి ఇంత రేటుంటుందని ఎవరనుకుంటారు!

పింఛను సంగతీ అంతే. 58కి రావలసింది 50 దాటాక ముందే అడగొచ్చుగానీ, తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. ఆయనకి 52. అన్నిటికంటే పెద్ద చిక్కు పేరుతో వచ్చింది. పీఎఫ్‌లో ఇంటిపేరు ‘సిహెచ్’, ఆధార్‌లో ‘చింతాడ’. ఈ తేడా ఉంటే డబ్బు కదలదు. ఆయన యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, పాతది కనుక పేరు దిద్దమనే ఉమ్మడి డిక్లరేషన్ కంపెనీ ద్వారానే వెళ్ళాలి, కంపెనీ అంటే ఆ నవ్వమన్న కుర్రాడే. అందుకని తగవు పెట్టుకోదలిచినవాళ్ళు ముందు పేరు సరిచేయించుకుని తర్వాత పెట్టుకోవడం మంచిది. అప్పలస్వామి గారు వరుసగా నాలుగు రోజులు ఆ కుర్రాడికి టీ తెప్పించారు. నవ్వారు కూడా.

పేరు సరయ్యాక తెల్లకాగితం మీద పద్ధతిగా రాశారు: తేదీ, నెల నోటీసు, ఆఖరి పనిదినం. అందినట్టు సంతకం పెట్టించుకోడానికి రెండో ప్రతి కూడా తీశారు. కుర్రాడు చూసి, “కాగితాలు తీసుకోవట్లేదు అంకుల్, యాప్‌లో పెట్టేయండి” అన్నాడు.

యాప్‌లో సెలవుల రకాలే ఉన్నాయి: సీఎల్, ఈఎల్, ఇతరాలు. ‘ఇతరాలు’ నొక్కి, కారణం ‘రాజీనామా’ అని కొట్టారు. ‘నుంచి’ దగ్గర తేదీ వేశారు. ‘వరకు’ ఖాళీగా వదిలితే ముందుకి పోలేదు. కాసేపు ఆలోచించి, తనకి 58 నిండే రోజు వేశారు.

ఎర్రక్షరాలు వచ్చాయి: ‘మీ ఖాతాలో 11 సెలవులు మాత్రమే ఉన్నాయి. దరఖాస్తు తిరస్కరించబడింది.’

“పోనీ ఆ పదకొండూ అడుగు బావా, పైడితల్లమ్మ పండగలో సిరిమాను సూసొద్దుము” అన్నాడు పైడిరాజు.

అడిగారు. క్షణంలో మంజూరైపోయింది.