‘ఈ బిల్ అంటే నేనేనా?’: 1832 సంస్కరణ, రాజు, వ్యంగ్య చిత్రాలు

1831 మే చివరలో లండన్ హేమార్కెట్ వీధిలోని మెక్లీన్ బొమ్మల దుకాణం ఒక లితోగ్రాఫ్‌ను, అంటే రాతి పలక మీద గీసి అచ్చు వేసిన బొమ్మను, అమ్మకానికి పెట్టింది. అందులో నాలుగో విలియం రాజు కిరీటమూ పరివారమూ లేకుండా, మామూలు పెద్దమనిషిలా వీధిలో నిలబడి, గోడ మీద ఎవరో సుద్దతో రాసిన ‘రిఫార్మ్ బిల్’ అన్న మాటలు చదువుకుని, ఇది తన గురించేనా అని సందేహపడుతుంటాడు. విలియం పేరును ఇంగ్లీషువారు ముద్దుగా ‘బిల్’ అని కుదిస్తారు కనుక, పార్లమెంటు సంస్కరణ బిల్లు పేరే రాజు చెవికి ‘ఒరే బిల్, నువ్వు మారు’ అన్న హెచ్చరికలా వినబడుతుంది. ‘హెచ్.బి.’ అన్న పొడి అక్షరాల చాటున ఉన్న ఆ చిత్రకారుడు జాన్ డాయిల్. ఆయన గీతలో కసి ఉండదు, ఎవరి ముఖాన్నీ వికారంగా సాగదీయడు. అయినా రాజు చిక్కుకున్న ఇరకాటాన్ని ఆ కాలపు బొమ్మల్లో ఇంత సూటిగా పట్టినది నాకు మరొకటి కనిపించలేదు.

ఆ బిల్లు సరిచేయదలచిన వ్యవస్థ కార్టూనిస్టు కల్పించనక్కరలేనంత విడ్డూరమైనది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్ వంటి పారిశ్రామిక నగరాలకు సొంత ప్రతినిధులు లేరు. కాపురముండేవారే లేని ఓల్డ్ సారమ్ అనే గుట్ట మాత్రం పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు ఇద్దరిని పంపేది. ఒకప్పుడు ఆ గుట్ట థామస్ పిట్ సొంతం. మద్రాసు గవర్నరుగా ఉండగా, కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిన పెద్ద వజ్రాన్ని కొన్నవాడు ఆయనే. నియోజకవర్గాన్నీ వజ్రాన్నీ ఒకే చేయి కొనగలిగిన కాలమది. ఆయన మనవడు, తరువాత ప్రధాని అయిన విలియం పిట్, 1735లో సభలో అడుగుపెట్టింది కూడా ఆ గుట్ట పేరు మీదనే.

1831లోనే వచ్చిన మరో ప్రసిద్ధ చిత్రం ఈ వ్యవస్థను పుచ్చిన చెట్టుగా చూపింది. కొమ్మల్లోని పక్షిగూళ్లకు అటువంటి నియోజకవర్గాల పేర్లుంటాయి. ఒకవైపు బిల్లు తెచ్చిన ప్రధాని గ్రే ప్రభుత్వంవారు గొడ్డళ్లతో నరుకుతుంటే, మరోవైపు దాన్ని వ్యతిరేకించే వెల్లింగ్టన్ పక్షం చెట్టు పడిపోకుండా ఊతమిస్తుంటుంది. నన్ను ఆపేది మాత్రం వెనుకనున్న కొండ మీది దృశ్యం: ప్రజలతో పాటు రాజూ రాణీ అక్కడ నిలబడి ఈ నరుకుడును మెచ్చుకుంటుంటారు. ఆ ఏప్రిల్‌లో గ్రే కోరిక మేరకు రాజు స్వయంగా వెళ్లి పార్లమెంటు రద్దుకు దారి తీయడం వల్ల, అవసరమైతే అద్దె బండిలోనైనా వెళతానన్నాడని జనం చెప్పుకోవడం వల్ల, ఆయనకు ఆ కీర్తి దక్కింది. పొగడ్తగా గీసిన ఈ బొమ్మలే, తిట్టిన బొమ్మలకన్నా, రాచరికానికి ఎక్కువ ప్రమాదం తెచ్చాయని నా వాదన. తిట్లు తిన్న రాజు తాను రాజకీయాలకు అతీతుడనని చెప్పుకోవచ్చు. ఒక పక్షం జెండా చేతికిచ్చి బొమ్మ గీశాక, ఆ జెండా దించితే అది ద్రోహం అవుతుంది.

అదే జరిగింది. 1831 అక్టోబరులో ఎగువ సభ అయిన లార్డుల సభ బిల్లును 41 ఓట్ల తేడాతో తిరస్కరించగా, నాటింగ్‌హామ్ కోట తగలబడింది, బ్రిస్టల్‌లో అల్లర్లు చెలరేగాయి. 1832 మేలో, బిల్లు గట్టెక్కడానికి కావలసినంత మంది కొత్త లార్డులను నియమించేందుకు రాజు నిరాకరించడంతో గ్రే రాజీనామా చేశాడు. గ్రే స్థానంలోకి రాబోతున్న వెల్లింగ్టన్‌ను ఆపాలంటే బ్యాంకు నుంచి బంగారం తీసుకోండన్న పిలుపు గోడలకెక్కింది. కొండ మీద నిలబెట్టిన రాజునే చిత్రకారులు ఇప్పుడు రాణి అడిలైడ్ చెప్పుచేతల్లో ఉన్న మగడిగా గీశారు. జర్మనీ ఆడపడుచు మీద పడిన ఆ నిందలో స్త్రీద్వేషం, పరదేశి ద్వేషం పాళ్లు తక్కువేమీ కాదు. సంస్కరణవాదుల బొమ్మలన్నీ ఉదాత్తమైనవని అనుకోనక్కరలేదు. చివరికి రాజు దిగివచ్చాడు, జూన్ 7న బిల్లు చట్టమైంది.

ఫ్రాన్స్‌లో రాజు లూయీ ఫిలిప్ వేరే దారి పట్టాడు. తనను సొమ్ము మింగే రాక్షసుడిగా గీసిన చిత్రకారుడు దోమియేకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. 1835 సెప్టెంబరు చట్టం బొమ్మలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. విలియంకు అన్నగారైన నాలుగో జార్జి 1820లో ఇంకో ఉపాయం ప్రయత్నించాడు: తనను నీతిమాలిన సన్నివేశాల్లో గీయకుండా ఉండేందుకు వ్యంగ్య చిత్రకారుడు జార్జి క్రూక్‌షాంక్‌కు 100 పౌండ్లు ముట్టజెప్పాడు. విలియంకు జైలూ లంచమూ రెండూ పనికివచ్చేవి కావు, ఎందుకంటే ఆయనను ఇరికించినవి మెచ్చుకోళ్లు.

ఈ బొమ్మలను కొన్నదెవరన్న ప్రశ్న కూడా ఉంది. రంగులద్దిన ముద్రణలు కూలివాడి అందుబాటులోవి కావు. అతడు దుకాణం కిటికీ ముందు నిలబడి చూసి వెళ్లేవాడు. పట్టణాల్లో ఏడాదికి 10 పౌండ్ల విలువ చేసే ఇల్లున్నవారికే ఓటిచ్చిన కొత్త చట్టం అతడిని ఆ కిటికీ బయటే ఉంచింది. ఆ నిరాశ చిత్రకారుడు సి.జె. గ్రాంట్ 1833 నుంచి గీసిన చవక చెక్క అచ్చుల్లో మొరటుగా కనిపిస్తుంది.

1834 నవంబరులో విలియం, గోడ మీది రాతను మరిచినట్టుగా, సభలో మెజారిటీ ఉన్న ప్రధాని మెల్‌బోర్న్ మంత్రివర్గాన్ని ఇంటికి పంపి, ఎదుటి పక్షానికి చెందిన పీల్‌ను ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచాడు. జనవరిలో ఎన్నికలు జరిగినా పీల్‌కు మెజారిటీ రాలేదు; ఏప్రిల్‌లో అదే మెల్‌బోర్న్‌ను అదే రాజు మళ్లీ పిలవవలసి వచ్చింది. ఆ తరువాత బ్రిటన్‌లో ఏ రాజూ, ఏ రాణీ ఒక ప్రభుత్వాన్ని అలా తొలగించలేదు.