స్టీల్‌హెడ్ వీపు మీది చిన్న రెక్క గారికి విన్నపం

మహారాజరాజశ్రీ ఎడిపోస్ రెక్క గారి దివ్య సముఖమునకు,

వాషింగ్టన్ రాష్ట్రంలో కౌలిట్జ్ నది గట్టున గాలం వేసుకుని నిలబడే ఒక తెలుగువాడు చేసుకొను విన్నపము. ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన మర్యాద. కానీ మన ఇద్దరి కుశలమూ ఒకచోట ఇమిడేది కాదు. తమరు క్షేమంగా ఉన్న చేప నా గాలానికి పడితే దాన్ని వదిలేసి నేను ఖాళీ సంచితో ఇంటికి పోవాలి. నా ఇంట్లో పులుసు కాగిందంటే తమరు పిల్లప్రాయంలోనే కత్తెర పాలై ఉండాలి. అందుచేత కుశలప్రశ్నలు పక్కనపెట్టి విషయానికి వస్తున్నాను.

తమరి ఆకారం చూసి తమరి హోదాను ఎవరూ పోల్చుకోలేరు. వీపు మీది పెద్ద రెక్కకూ తోకకూ నడుమ, ఎముక గానీ ఈనె గానీ లేకుండా, మెత్తగా వేలి కొసంత మొలిచిన కండ తమరు. మా గోదావరి జెల్లకు కూడా తమ వంటి రెక్కే ఉంది. అయినా దాన్ని చూసి జెల్లను కొన్నవాడూ లేడు, మానేసినవాడూ లేడు. ఇక్కడ సంగతి వేరు. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, పుట్టిన నదికే ఎదురీదుకుంటూ వచ్చే రెయిన్‌బో ట్రౌట్‌ను స్టీల్‌హెడ్ అంటారు. 1969 నుంచి ఈ రాష్ట్రానికి అది అధికారిక మత్స్యం. పసిఫిక్ సాల్మన్లలో చాలావాటిలా గుడ్లు పెట్టగానే చచ్చిపోకుండా, అదృష్టముంటే మళ్లీ సముద్రానికి వెళ్లి మరోసారి కూడా రాగలిగిన జాతి. అంత ఘనమైన చేప నా చేతికి చిక్కినప్పుడు దాని చావుబతుకులను తేల్చేది దాని బలమూ కాదు, నా నేర్పూ కాదు. వీపు మీద తమరు ఉన్నారా లేరా అన్న ఒక్క ప్రశ్న.

నిబంధన సూటిగానే ఉంది. తమరు లేని చేప హేచరీలో, అంటే మనుషులు చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో, తొట్టెల్లో పెంచి, గుర్తుగా తమరిని కత్తిరించి వదిలినది, అనుమతి ఉన్న చోట దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. తమరు ఉన్న చేప నదిలో పుట్టినదిగా లెక్క, దాన్ని వదిలేయాలి. తమరు లేకపోవడం ఒక్కటే చాలదు, తమరు ఉండవలసిన చోట మానిన మచ్చ కూడా కనబడాలని చట్టంలో రాశారు. పచ్చి గాయం కనిపిస్తే ఆ కోత హేచరీలో పడిందా, గట్టు మీద పడిందా అన్న సందేహం పుడుతుంది కదా! గాలం వేసేవాడి మనసును ఇంత చక్కగా చదివిన గుమాస్తా ఎవరో గానీ, వారికి నా నమస్కారాలు.

వదిలేయవలసిన స్టీల్‌హెడ్‌ను నీళ్లలోంచి పూర్తిగా పైకి తీయడమూ నేరమే కాబట్టి, తమరి దర్శనం నీళ్లలోనే చేసుకోవాలి. ఫిబ్రవరి నెలలో, పొద్దుగూకే వేళ, చల్లటి ప్రవాహం తొడల దాకా వచ్చి నీరు చొరని వేడర్ల ప్యాంట్లలోంచి కూడా ఎముకలు కొరుకుతుండగా, కొక్కేనికి చిక్కిన చేప రాళ్ల నడుమ గిరికీలు కొడుతుంటే, ఒక చేత్తో కర్రను ఎత్తిపట్టి, రెండో చేత్తో తోక మొదలు దొరకబుచ్చుకుని, ముక్కు నీటికి ఆనేంతగా వంగి తమరి కోసం వెతికే మనుషులను తమరు ఎందరిని చూసి ఉంటారో! గుడిలో కూడా అంత లోతుగా వంగనివారు తమరి ముందు వంగుతారు. తీరా తమరు కనిపిస్తే లోపల ఉసూరుమంటుంది. పైకి మాత్రం ‘ఎంత అందమైన చేప!’ అని పక్కవాళ్లకు వినబడేలా అనాలి. అది ఈ గట్టు మర్యాద.

గట్టు అన్నాను కాబట్టి బ్లూ క్రీక్ గురించి కూడా మనవి చేసుకోవాలి. ఆ వాగు కౌలిట్జ్‌లో కలిసే చోట ట్రౌట్ హేచరీ ఉంది. అక్కడ పెరిగిన చేపలు సముద్రం చూసి, మళ్లీ ఆ నీటి వాసన పట్టుకుని అక్కడికే వస్తాయి. ఆ సంగతి చేపలకెంత బాగా తెలుసో జనానికీ అంతే బాగా తెలుసు. భుజం భుజం ఒరుసుకుంటూ వరుసగా నిలబడి, వంతు తప్పకుండా ఒకరి తరవాత ఒకరు బెండు వేస్తూ, అందరి దారాలూ ఒకే వడిలో కదిలేలా చూసుకోవాలి. ఒక్కడు క్రమం తప్పినా దారాలన్నీ పెనవేసుకుపోతాయి, ఆ పైన వినబడే భాషను తమ వంటి పెద్దలకు రాయడం భావ్యం కాదు. ఎవరైనా ‘ఫిష్ ఆన్’ అని కేకేస్తే మిగతావాళ్లు దారాలు చుట్టేసుకుని దారి ఇవ్వాలి. ఇచ్చి, మెడలు సాచి చూస్తారు. చేప ఎంత పెద్దదని కాదు, తమరున్నారా అని. తీర్పు చెప్పడానికి అక్కడ అందరూ న్యాయమూర్తులే.

పడవలవాళ్లు ఇంత అవస్థ పడరు, చేప ఎటుపోతే అటు తెడ్డు వేస్తారు. అయితే తమరున్న చేపలు బాగా తగ్గిపోతాయన్న అంచనాతో 2020 డిసెంబరులో ఈ రాష్ట్రం పశ్చిమ తీరపు నదుల్లో పడవ మీద నుంచి గాలం వేయడాన్ని ఆ సీజనుకు నిషేధించింది. గట్టు జనం బయటికి విచారం ప్రకటించారు. లోపల ఏమనుకున్నారో నేను చెప్పను.

ఇక తమరిని తొలగించే తంతు. కొన్నిచోట్ల చేపపిల్లలకు మత్తిచ్చి మనుషులు కత్తెరలతో ఆ పని చేస్తారు, మరికొన్నిచోట్ల ప్రత్యేకమైన బండ్లలో అమర్చిన యంత్రాలు చేస్తాయి. తమరు దేనికీ పనికిరారని చాలాకాలం నమ్మారు కాబట్టే తమరిని గుర్తుగా ఎంచుకున్నారు. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, తమరిని తీసేసిన స్టీల్‌హెడ్ పిల్లలు ఈదడానికి తోకను మరింత వెడల్పుగా ఊపవలసి వస్తోందని తేలింది. అంటే తమరు ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్నారన్న అపవాదు కొంత తొలగింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

అసలు ఈ గుర్తు ఎందుకు కావలసి వచ్చింది? ఈ నదికి అడ్డంగా 1963లో మేఫీల్డ్, 1968లో మోసీరాక్ ఆనకట్టలు లేచాయి. రెండోది 606 అడుగులు, రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైనది. చేపలకు ఎగువ నది పోయింది. బదులుగా హేచరీలు వచ్చాయి. పైకి పోవలసిన చేపలను కింద ఆపి, ట్యాంకర్ లారీల్లో ఎక్కించి, ఆనకట్టల అవతల వదులుతారు. నదికి లారీ, చేపకు తొట్టె, తమరికి కత్తెర: అన్నీ సర్దుబాటయ్యాయి. 606 అడుగుల గోడను వదిలేసి, వేలి కొసంత రెక్క ఉందో లేదో చూసుకుంటూ, నదిని కాపాడుతున్నామని నాతో సహా అందరమూ నమ్ముతున్నాం.

గుర్తు వద్దని నా అభిప్రాయం కాదు. ఓరెగాన్‌లోని హుడ్ నది స్టీల్‌హెడ్ల మీద 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హేచరీలో పెరిగిన ఒక్కో తరానికీ నదిలో సంతానం నిలుపుకునే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోతోంది. కాబట్టి ఏది ఏదో తెలియాలి. కానీ హేచరీ చేపలు రెండు తప్పించుకుని నదిలోనే గుడ్లు పెడితే, వాటి పిల్లల వీపున తమరు నిండుగా మొలుస్తారు. తల్లిదండ్రుల వీపున మచ్చ ఉన్నా, పిల్లలు పుట్టుకతోనే పూర్తి హక్కుదారులు. వీసా వరుసలో ఏళ్ల తరబడి నిలబడి, ఇక్కడ పుట్టిన పిల్లల పాస్‌పోర్టులు బీరువాలో భద్రపరిచే మావాళ్లకు ఈ శాస్త్రం వివరించనవసరం లేదు.

నా కోరిక చిన్నది. తమరు ఉంటే చేప గట్టు దగ్గరికి రాకముందే, దూరాన ఎగిరినప్పుడే కాస్త తల ఎత్తి కనబడండి. నేను వంగే శ్రమా తప్పుతుంది, పక్కవాళ్ల ముందు నటించే శ్రమా తప్పుతుంది.

ఇట్లు,
తమరి దర్శనాభిలాషి,
కౌలిట్జ్ గట్టు మనిషి

తా.క.: చేపల లెక్క రాసే కార్డును ఏప్రిల్ 30 లోగా మత్స్యశాఖకు పంపాలి, ఒక్క చేప దక్కకపోయినా సరే. వదిలేసిన వాటిని అందులో రాయనక్కరలేదు. ఈ శీతాకాలం నాకు చిక్కినవన్నీ తమరున్న చేపలే కాబట్టి, ప్రభుత్వం లెక్కలో నేను నదికి వెళ్లి ఊరికే నిలబడి వచ్చినవాడిని. మా ఆవిడ లెక్క కూడా అదే.