రెండు చెంచాల డ్రయర్‌తో పోయే జబ్బు కాదిది

కొన్నాళ్లుగా మన ప్రెస్సు వాళ్ల ఫోన్లలో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. కర్నూలులోనే నాకు ముగ్గురు పంపించారు. అనంతపురంలో మినీ ఆఫ్‌సెట్ నడుపుకునే తమ్ముడొకడు అదే పంపించి, కింద "అన్నా, రేపు ఇట్లే చేసి చూస్తా" అని రాసినాడు. ఆ మాట చూసినాక ఊరుకోలేక ఇది రాస్తున్నా.

మెసేజ్ సారాంశం ఇదీ. ఇంకు ఆరకపోతే పావు కిలోకు రెండు చెంచాల డ్రయర్ (ఇంకు త్వరగా ఆరడానికి కలిపే మందు) కలపండి. ఇంకు గట్టిగా ఉంటే ఒక మూత కిరోసిన్ పోయండి, అది లేకపోతే వేసలిన్ వేయండి. పై షీటు వెనకాల అచ్చు పడుతుంటే ముఖానికి పూసుకునే పౌడరు ఇంకులోనే కలిపేయండి. రంగు మారదు, మిషనుకు ఏమీ కాదు, పాతకాలం వాళ్లంతా ఇట్లే చేసేవాళ్లు.

డ్రయర్ మాటే ముందు చూద్దాం, ఎక్కువ మంది చేయి కాల్చుకునేది అక్కడే.

షీట్‌ఫెడ్ ఇంకు, అంటే విడి కాగితాల మీద అచ్చు వేసే మిషన్ల ఇంకు, కాగితం మీద రెండు దశల్లో గట్టిపడుతుంది. మొదట ఇంకులోని పల్చటి నూనె కాగితంలోకి ఇంకిపోతుంది, పైన రంగు, రెజిన్ అనే జిగురు నిలబడతాయి. ఇది నిమిషాల పని. దీన్నే సెట్ కావడం అంటాం. ఆ తర్వాత మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొరలా గట్టిపడుతుంది. అది గంటల పని. డ్రయర్ తొందర పెట్టేది ఈ రెండో దశనే. మొదటి దశతో దానికి ఏ సంబంధమూ లేదు. డెలివరీలో షీటు మీద షీటు పడి వెనకాల అచ్చు అంటుకునేదేమో మొదటి నిమిషాల్లో. అప్పటికి డ్రయర్ ఇంకా పని మొదలే పెట్టి ఉండదు. ఇట్లా వెనకాల అచ్చు అంటుకోవడాన్నే సెట్ ఆఫ్ అంటాం. సెట్ ఆఫ్‌కు డ్రయర్ పోయడమంటే కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టడమే.

ఇక కొలత. చెంచా అంటే సుమారు 5 మిల్లీలీటర్లు. రెండు చెంచాలంటే దాదాపు 10 గ్రాములు. పావు కిలోలో 10 గ్రాములంటే 4 శాతం. మామూలుగా డ్రయర్ 1 శాతంతో మొదలుపెడతారు, ఎంత అవసరమొచ్చినా 2 దాటరు. టిన్ను మీద కంపెనీ ఇంకా తక్కువ రాస్తే అదే లెక్క. పైగా ఇంకు తయారయ్యేటప్పుడే అందులో కొంత డ్రయర్ వేసి పంపిస్తారు. మనం వేసేది దాని మీద అదనం. పావు కిలోకు 1 శాతం అంటే రెండున్నర గ్రాములు. ఆ కొలత చెంచాతో రాదు. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, పాడైన ఒక్క ప్రింటు పని ఖర్చు కూడా కాదు.

ఎక్కువేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. సింగిల్ కలర్ మిషను మీద క్యాలెండర్లు వేస్తున్న రోజులు. ఎరుపు ముందు వేసి, రేపు పొద్దున్నే నలుపు వేయాలని, త్వరగా ఆరాలన్న ఆత్రంలో చేతికొచ్చినంత డ్రయర్ పోసినా. తెల్లారేసరికి ఎరుపు బ్రహ్మాండంగా ఆరింది. ఆరడం కాదు, అద్దంలాగా బిగుసుకుపోయింది. దాని మీద నలుపు వేస్తే తామరాకు మీద నీళ్లలాగా జారిపోయింది, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. దీన్ని క్రిస్టలైజ్ కావడం అంటారని తర్వాత ఒక పెద్దాయన చెప్పినాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ. ఆ కాగితాలు ఏం చేశానో అడగొద్దు.

నష్టాలు ఇంకా ఉన్నాయి. భోజనానికి పోయి వచ్చేలోపు రోలర్ల మీదే ఇంకు చర్మం కడుతుంది. ఆ చర్మం ముక్కలు ప్లేటు మీద పడి, అచ్చంతా హికీలు, అంటే మధ్యలో చుక్క, చుట్టూ తెల్లటి వలయం. డ్రయర్ ఎక్కువైన ఇంకు నీళ్లను కూడా ఎక్కువ పీల్చుకుంటుంది, దాంతో స్కమ్మింగ్, అంటే అచ్చు లేని చోట కూడా ఇంకు మరక పడటం, మొదలవుతుంది. కోబాల్ట్ డ్రయర్ పైపొరను ముందు ఆరబెడుతుంది, మాంగనీస్ లోపలి దాకా ఆరబెడుతుంది. కోబాల్ట్ ఒక్కటే దండిగా పోస్తే పైన గట్టిగా, లోపల మెత్తగా మిగులుతుంది. కోబాల్ట్ కొందరి చర్మానికి పడదు కూడా, దురద, దద్దుర్లు వస్తాయి. చేతికి గ్లౌజు వేసుకోండి. డ్రయర్ కలిపిన ఇంకు మిగిలితే తిరిగి టిన్నులో వేయొద్దు, టిన్నంతా చెడిపోతుంది.

మరి ఇంకు ఎందుకు ఆరడం లేదు? మా జిల్లాల్లో నేను చూసినంతలో, ఎక్కువ సార్లు దోషం నీళ్లది. మనలో చాలామంది డాంపింగ్‌కు (అచ్చు లేని చోట ఇంకు అంటకుండా ప్లేటును తడపడానికి) బోరు నీళ్లే పోస్తాం. మన బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పాలా, బిందె అడుగున తెల్లటి పొర చూస్తే చాలు. ఆ సున్నం నీళ్లకు ప్లేటు శుభ్రంగా ఉండదు. శుభ్రం కావడం లేదని మిషన్‌మ్యాన్ ఫౌంటెన్ సొల్యూషన్ (ఆ నీళ్లలో కలిపే పుల్లటి ద్రావణం) ఇంకో మూత పోస్తాడు, మళ్లీ ఇంకోటి. నీళ్ల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాల్సింది 4 కంటే కిందికి దిగుతుంది. అంత పుల్లటి నీళ్లలో డ్రయర్ పని చేయదు. అది పని చేయడం లేదని పైనుంచి మళ్లీ డ్రయర్ పోస్తాం. ఒక పీహెచ్ స్ట్రిప్పు ముంచి చూస్తే తెలిసిపోయే సంగతి ఇది.

శ్రావణ మాసంలో మంత్రాలయం ఆరాధనోత్సవాల పోస్టర్లు వేసేటప్పుడు గాలిలో తేమకు ఇంకు నెమ్మదిగా ఆరడం నిజమే. అప్పుడు 1 శాతం డ్రయర్ కలిపితే తప్పు లేదు. అదొక్కటి ఒప్పుకుంటా.

రెండోది కిరోసిన్. ఇది వింటే ఒళ్లు మండుతుంది. ఇంకులో రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది రెజిన్, నూనెల జిగురు. కిరోసిన్ ఆ జిగురునే విడగొడుతుంది. అచ్చు తడిగా ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుంది, ఆరినాక వేలితో రుద్దితే సుద్దలాగా రాలిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కిరోసిన్ ఆవిరి నిప్పంటుకునే స్థాయికి చేరేది 38 డిగ్రీల ప్రాంతంలో. మే నెలలో మధ్యాహ్నం కర్నూలులో రేకుల షెడ్డు కింద ఎన్ని డిగ్రీలు ఉంటుందో మీకే తెలుసు. పక్కనే స్విచ్ బోర్డు, మోటారు. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకున్న సందర్భాలు ప్రెస్సుల్లో కొత్తవి కావు. మన ప్రెస్సులో ఉన్న మంట చాలు, ఇంకొంచెం తెచ్చి పెట్టుకోవద్దు.

అసలు ఇంకు గట్టిగా ఉండటం చాలాసార్లు జబ్బే కాదు. కదపకుండా ఉంచితే ఇంకు బిగుసుకుంటుంది, కలిపితే వదులవుతుంది. దాని గుణమే అది. డిసెంబరు పొద్దున డబ్బా తెరిచి కత్తి దిగడం లేదని రిడ్యూసర్, అంటే ఇంకును పల్చబరిచే మందు, పోసే ముందు, రాతి పలక మీద వేసి నాలుగు నిమిషాలు బాగా మర్దించండి, రోలర్లను ఊరికే కాసేపు తిప్పండి. ఎండాకాలంలోనేమో డక్ట్‌లో (మిషను ఇంకు తొట్టిలో) ఇంకు దానంతట అదే పల్చబడుతుంది, అప్పుడు రిడ్యూసర్ అడిగేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. నాసి కాగితం మీద పెద్ద సాలిడ్ (ఖాళీ లేని నిండు రంగు) వేసేటప్పుడు పీచు లేచొస్తుంటే మాత్రం టాక్ (ఇంకు జిగట) తగ్గించే జెల్ రిడ్యూసర్ 1 శాతం నుంచి కలుపుకోవచ్చు. నాలుగు రంగులు ఒకే పాస్‌లో వేసే మిషనైతే ఒక్క రంగుకు కలిపి వదిలేయకూడదు. ముందు పడే ఇంకు టాక్ ఎక్కువ, తర్వాత పడేది తక్కువ అనే వరస చెడితే, రెండో రంగు మొదటి దాని మీద నిలవదు.

వేసలిన్ గురించి రెండు ముక్కలు చాలు. అది ఎన్నటికీ ఆరదు. న్యూస్‌ప్రింట్ మీదైతే ఇంకు పీల్చుకోవడంతోనే పని జరిగిపోతుంది కాబట్టి తప్పు బయటపడదు. ఆర్ట్ పేపర్ మీద పెండ్లి పత్రిక వేసి చూడండి, పెండ్లికూతురి పేరు, పిలవడానికి వచ్చిన వాళ్ల బొటనవేలి మీద ఉంటుంది.

పౌడరు మాటలో ఒక చిన్న నిజం దాగుంది. లెటర్‌ప్రెస్ రోజుల్లో ఇంకును చిక్కబరచడానికి మెగ్నీషియా పొడి కలిపేవాళ్లు. బహుశా అది చెవిన పడి ఎవరో దాన్ని టాల్కం పౌడరు చేశారు. ఆఫ్‌సెట్‌లో పొడి ఇంకులో కలిపితే బ్లాంకెట్ (ప్లేటు మీది అచ్చును అందుకుని కాగితానికి దించే రబ్బరు పొర) మీద పేరుకుంటుంది, ప్లేటునూ అరగదీస్తుంది. సెట్ ఆఫ్‌కు వాడే స్ప్రే పౌడరు వేరు. అది పిండి పదార్థపు పొడి, డెలివరీలో షీటు మీద పడుతుంది, ఇంకులో కలవదు. షీటుకూ షీటుకూ మధ్య సన్నటి ఎడం ఉంచడమే దాని పని. అది కూడా లేని చిన్న మిషనైతే ఇంకు పొర తగ్గించండి, నీళ్లు తగ్గించండి, చిన్న చిన్న కట్టలుగా తీసి పక్కన పెట్టండి.

"రంగు మారదు" అన్న మాట చూడండి. రిడ్యూసర్ కలిపితే అదే పొరలో రంగుపొడి తగ్గుతుంది. అచ్చు వెలిసినట్టు కనిపిస్తుంది. కస్టమరు ఒప్పుకోడు కాబట్టి డక్ట్ కీలు (ఇంకు ఎంత రావాలో తిప్పే మరలు) ఇంకొంచెం తెరుస్తాం. పొర మందమవుతుంది, మందం పొర ఆలస్యంగా ఆరుతుంది. తిరిగి తిరిగి మెసేజ్ మొదటి లైనుకే వచ్చాం. కోబాల్ట్ ద్రావణానికి సొంత ఊదా రంగు కూడా ఉంది, లేత రంగుల్లో, తెలుపులో అది తెలుస్తుంది.

పాతకాలం వాళ్లు చేసేవాళ్లంటే, చేసేవాళ్లు. వాళ్ల కాగితం వేరు, ఇంకు వేరు, వాళ్లు వేసే పాంప్లెట్ రెండో రోజుకు గోడ మీద ఉండేది. ఇప్పుడు మనం స్వీటు బాక్సులు వేస్తున్నాం. ఆహారం పెట్టే ప్యాకింగ్‌కు వాడే ఇంకు గురించి ఐఎస్ 15495 అని ప్రమాణమే ఉంది. అందులో లడ్డు పెట్టి పిల్లల చేతికిస్తారు. దానికి కిరోసిన్ వాసన అంటించే హక్కు మనకెక్కడిది?

అనంతపురం తమ్ముడికి నిన్న ఫోను చేసినా. డ్రయర్ పక్కన పెట్టి ముందు నీళ్లు చూడమన్నా. సాయంత్రం స్ట్రిప్పు ఫొటో పంపించినాడు, రంగు 3కీ 4కీ మధ్యలో ఉంది. మిషన్ దగ్గరున్న పిల్లోడు ఫౌంటెన్ సొల్యూషన్ కొలత లేకుండా సీసా నుంచి నేరుగా పోస్తున్నాడంట. ట్రే కడిగి, క్యాను నీళ్లు పోసి, కొలిచి కలుపుకున్నాడు. డ్రయర్ డబ్బా మూత ఇంకా తీయలేదని చెప్పినాడు.