కునుకు పట్టే కెమెరా పెట్టారు సరే, నిద్రకి టైమ్ ఎవరిస్తారు?

డ్రైవర్ చెవి గోక్కుంటే "ఫోన్ మాట్లాడుతున్నాడు". ఖైనీ నములుతుంటే "ఆవలింత". ఎడమ పక్క బైకు దూరుతోందేమో అని తల తిప్పి అద్దంలో చూస్తే "పరధ్యానం". సాయంత్రం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రిపోర్ట్ తీస్తే మూడూ ఎర్రగా కనపడతాయి. నెలాఖరుకి స్కోరు పడిపోయిందని బత్తాలో కోత. లారీ క్యాబిన్లో డ్రైవర్ మొహం వైపు తిప్పి పెట్టే కెమెరా మీద ఇంత కోపం ఎందుకుందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలెట్టాలి.

నా మాట ముందే చెప్పేస్తా. రోడ్డు వైపు చూసే కెమెరా ప్రతి బండికీ ఉండాల్సిందే, అది డ్రైవర్‌కే ఎక్కువ లాభం. మొహం వైపు చూసే కెమెరా కూడా ఉండొచ్చు, కానీ క్యాబిన్లో కూత పెట్టి డ్రైవర్ని లేపడం వరకే. ఆ వీడియో జీతం లెక్కలోకి దిగిన రోజే డ్రైవర్ దాన్ని ఎలా మూసేయాలా అని చూడటం మొదలెడతాడు. మూసేసిన కెమెరా ఎవర్నీ కాపాడదు.

ముందు ఆ కెమెరా డబ్బా ఎలా పని చేస్తుందో చూడండి. డ్యాష్‌బోర్డ్ మీదో, డ్రైవర్ పక్క పిల్లర్ మీదో బిగిస్తారు. కంటికి కనపడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు మొహం మీద పడుతుంటాయి కాబట్టి చీకట్లో కూడా కళ్లు తెలుస్తాయి. నిద్రని రెండు రకాలుగా లెక్క కడుతుంది. ఒకటి, నిమిషం మొత్తంలో రెప్ప 80 శాతం పైగా వాలి ఉన్న సమయం ఎంత అని. రెండు, వరసగా సెకనున్నరో రెండు సెకన్లో కళ్లు మూసుకునే ఉన్నాయా అని. 60 స్పీడులో 2 సెకన్లంటే 33 మీటర్లు, అంటే రెండు ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత దూరం. రెండో రకం కూత వినపడే సరికే బండి అంత దూరం గుడ్డిగా వెళ్లిపోయింది. అందుకే మొదటి రకం హెచ్చరిక విలువైనది, కళ్లు పూర్తిగా మూతపడక ముందే సంగతి చెప్పగలదు. కానీ దాన్ని సరిగ్గా సెట్ చేసిన బండ్లు తక్కువ, ఎందుకంటే బిగించే కుర్రాడికి ఒక్కో బండికి అరగంట కూడా ఇవ్వరు.

బిగించడంలోనే సగం తప్పులు. ఆరడుగుల డ్రైవర్ని కూర్చోబెట్టి కెమెరా కోణం సరిచేస్తారు. వారం తర్వాత ఐదడుగుల మూడంగుళాల మనిషి బండెక్కితే స్టీరింగ్ పైభాగం గడ్డానికి అడ్డం వస్తుంది, "మొహం కనపడటం లేదు" అని ప్రతి పది నిమిషాలకి కూత. తూర్పు ముఖంగా పొద్దున్నే వెళ్తుంటే, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద తెల్లారి బయల్దేరినట్టు, ఎండ సూటిగా మొహాన కొడుతుంది. ఎండలో ఉండే ఐఆర్ ముందు కెమెరా లైటు వెలవెలబోతుంది. కళ్లు చిట్లించి చూస్తే రెప్ప వాలినట్టు లెక్క. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని రకాల అద్దాలు ఐఆర్‌ని ఆపేస్తాయి, అప్పుడు కళ్లే లేవంటుంది. ఇక అద్దానికి వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండ, దేవుడి పటం మీద పూలదండ, కుచ్చుల తోరణం, ఇవన్నీ రోడ్డు వైపు కెమెరాకి అడ్డం. వాటిని పీకెయ్యమని డ్రైవర్‌కి చెప్పే ధైర్యం మేనేజర్‌కి ఉండదు, కెమెరా జరిపే ఓపిక బిగించేవాడికి ఉండదు.

ముందు బండికి దూరం తక్కువైందని కూసే కూత ఇంకో తలనొప్పి. కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, బండి మధ్య గీతకి ఎంత పక్కకి ఉంది, ఈ కొలతలు టేపు పెట్టి కొలిచి సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలి. ఎక్కించకపోతే 30 మీటర్లు 15 అవుతుంది. సరిగ్గా ఎక్కించినా మన రోడ్ల మీద ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది, బ్రేకు కొడితే "హార్ష్ బ్రేకింగ్". ఖాళీ బండి సంగతి మరీ అన్యాయం. 16 టైర్ల లారీ స్ప్రింగు పట్టీలు లోడు కోసం చేసినవి, ఖాళీగా వస్తుంటే స్పీడ్ బ్రేకర్ మీద మొత్తం ఎగిరి పడుతుంది. కుదుపుని కొలిచే సెన్సార్ దాన్ని యాక్సిడెంట్ అనుకుని క్లిప్పు పంపిస్తుంది. లోడుతో వెళ్లినప్పుడు, ఖాళీగా వచ్చినప్పుడు వేరే వేరే హద్దులు పెట్టాలని ఎంతమంది మేనేజర్లకి తెలుసో నాకు అనుమానమే.

ఇన్ని ఉత్తుత్తి కూతలు విన్న చెవి మూడో రోజుకి అసలు కూతని కూడా పట్టించుకోదు. స్పీకర్ మీద ఇన్సులేషన్ టేపు పడుతుంది. లెన్సు మీద తువ్వాలు పడుతుంది. అప్పుడు కంట్రోల్ రూమ్ వాళ్లు చేసే పని చూడండి: హెచ్చరిక వచ్చిందని డ్రైవర్‌కి ఫోన్ కొడతారు. అతను 70 స్పీడులో ఉన్నాడు, ఎత్తకపోతే "స్పందించలేదు" అని రాస్తారు, ఎత్తితే కెమెరా "ఫోన్ వాడుతున్నాడు" అని ఇంకో క్లిప్పు పంపిస్తుంది. ఈ తెలివి ఎవరిదో గానీ, ఫోన్ బదులు ఆ డబ్బాలోనే స్పీకర్ ద్వారా "దగ్గర్లో బంకులో ఆపు, ఇరవై నిమిషాలు పడుకో, లేటైతే మేం చూసుకుంటాం" అని చెప్పొచ్చు. చివరి మాట లేకపోతే మొదటి రెండు మాటలూ దండగ.

అసలు విషయానికి వస్తున్నా. విశాఖ నుంచి హైదరాబాద్ సుమారు 620 కిలోమీటర్లు. సగటున గంటకి 45 వేసుకుంటే 14 గంటల నడక. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అంది. ఆ చట్టాన్ని ఇప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు, 2025 నవంబరు 21 నుంచి అమలు. ఎనిమిది గంటల లెక్కన ఒక్క డ్రైవర్‌తో అది రెండు రోజుల ట్రిప్పు. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, గడువు అయిపోతుందని తొందర పెడతారు గానీ, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున దానికి నాలుగు రోజులుంటుంది. తొందర సర్కారుది కాదు, సరుకు తాలూకు పార్టీకి "రేపు పొద్దున్నకల్లా దించుతాం" అని మాటిచ్చిన ఆఫీసుది.

దానికి ముందు లోడింగ్ ఉంది. ఏ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరో, పోర్టు యార్డులోనో ఉదయం 7కి టోకెన్ తీసుకున్న బండికి రాత్రి 10కి లోడు పడుతుంది. ఈ 15 గంటలూ డ్రైవర్ పడుకున్నాడనుకుంటారు. పడుకోడు. లైను అరగంటకోసారి కదులుతుంది, కదిలినప్పుడల్లా బండి జరపాలి, జరపకపోతే వెనకవాడు దూరిపోతాడు. క్లీనర్ ఉన్న రోజుల్లో ఆ పని అతను చూసేవాడు, ఇప్పుడు చాలా బండ్లకి క్లీనరే లేడు. కాటా వేయించుకుని, పట్టా కప్పి, తాళ్లు బిగించి, బిల్లులు చేతికొచ్చే సరికి పదకొండున్నర. అప్పుడు రోడ్డెక్కితే తెల్లవారుజామున మూడూ నాలుగూ మధ్య, ఒంట్లో నిద్ర గట్టిగా లాగే టైముకి, కెమెరా "కునుకు" అని కూస్తుంది.

తమాషా ఏంటంటే, ఆ 15 గంటల సంగతి కూడా అదే డబ్బాకి తెలుసు. లోపలున్న జీపీఎస్ బండి ఎప్పుడు గేటు దాటింది, ఎన్నిసార్లు ఇంజిను స్టార్ట్ అయింది, ఎన్ని మీటర్లు జరిగింది అన్నీ రాసుకుంది. ఫ్లీట్ సాఫ్ట్‌వేర్లో నాలుగు నొక్కులు నొక్కితే "గత 24 గంటల్లో ఇంజిను ఏకధాటిగా 6 గంటలు ఆగి ఉందా" అనే రిపోర్ట్ వస్తుంది. ఆ రిపోర్ట్ ఎవరూ తీయరు. తీస్తే తప్పు మనిషిది కాదు, షెడ్యూల్‌దని బయటపడుతుంది. డ్రైవర్ కునుకు క్లిప్పు పంపే ప్రతి మెయిల్‌కీ కింద ఆ ముందు 24 గంటల ఇంజిను లెక్క తగిలించండి, చాలు. అది లేకుండా క్లిప్పు చూసి కోత వేసే మేనేజర్‌తో వాదించి లాభం లేదు. ఆరు గంటల ఆగుడు లేని బండికి ట్రిప్ షీట్ ఇవ్వకూడదని ఒక్క రూలు పెడితే, బండి ఆగినందుకు పార్టీ దగ్గర వసూలు చేసే హాల్టింగ్ డబ్బుల్లో డ్రైవర్‌కి వాటా ఇస్తే, కెమెరా కూతలు వాటంతటవే తగ్గుతాయి.

డ్రైవర్లంతా సత్తెకాలపు మనుషులని నేననను. స్టీరింగ్ మీద ఫోన్ పెట్టి రీల్స్ చూసేవాళ్లున్నారు, వీడియో తీసుకుంటూ నడిపేవాళ్లున్నారు. వాళ్ల మీద కెమెరా ఎంత కూసినా తక్కువే. అయితే దానికి కూడా మనిషి క్లిప్పు చూసి, డ్రైవర్ని కూర్చోబెట్టి చూపించి, అతని మాట విని నిర్ణయం తీసుకోవాలి. మిషను ఇచ్చిన మార్కు చూసి కాదు. ట్యాంకులో డీజిల్ ఎంతుందో కొలిచే డీజిల్ రాడ్ విషయంలో ఈ పాఠం ఇప్పటికే నేర్చుకుని ఉండాల్సింది. ట్యాంకులో ఒక పక్కన పెట్టిన సెన్సార్ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి జరిగితే "దొంగతనం" అని చూపించింది, ఘాట్ దిగిన తర్వాత మళ్లీ పెరిగింది, అయినా మధ్యలో తగ్గిన లీటర్లు డ్రైవర్ ఖాతాలో రాసిన లెక్కలు ఎన్నో.

ఇక క్యాబిన్ విషయం. అది ఆఫీసు కాదు, ఇల్లు. డ్రైవర్ అందులోనే పడుకుంటాడు, లుంగీ మార్చుకుంటాడు, రాత్రి పది గంటలకి పెళ్లాంతో మాట్లాడతాడు. చాలా డబ్బాల్లో మైకు కూడా ఉంటుంది, ఆడియో ఆపే ఆప్షన్ సెట్టింగుల్లో ఉన్నా ఎవరూ ఆపరు. కునుకు కనిపెట్టడానికి గొంతుతో పనేంటి? మాటలు రికార్డు చేయడానికి నాకు ఒక్క కారణం కూడా కనపడలేదు.

యూరప్ వాళ్లు ఈ ముడి ఎలా విప్పారో చూడండి. 2019లో చేసిన వాహన భద్రత నియమంలో నిద్ర హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి చేస్తూనే, అదే చోట రాశారు: అది నిరంతరంగా రికార్డు చేయకూడదు, డేటా బయటి వాళ్లకి ఇవ్వకూడదు, లెక్క అయిపోగానే చెరిపేయాలి. అంటే బండి డ్రైవర్‌కి చెప్తుంది, ఆఫీసుకి చెప్పదు. మన దగ్గర ఇలాంటి హెచ్చరిక వ్యవస్థని బస్సులకీ లారీలకీ తెచ్చే ముసాయిదా వచ్చింది గానీ, వీడియో ఎవరిది అనే చర్చ ఎక్కడా వినపడదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాలకి, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి అనుమతి అడక్కుండానే డేటా వాడుకోవచ్చంటుంది. "నా డేటా నాకు చూపించు" అని అడిగే పదకొండో సెక్షన్ హక్కు మాత్రం అనుమతి ఇచ్చిన చోటే వర్తిస్తుంది. రెండూ కలిపి చదవండి. డ్రైవర్ తన మొహం వీడియో తను అడిగి తీసుకునే దారి సన్నబడిపోయింది. కాబట్టి చట్టం ఇస్తుందని ఎదురు చూడకుండా పనిలో చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి: ఏ క్లిప్పుకి కోత వేసినా ముందు ఆ క్లిప్పు నాకు చూపించాలి, కాపీ ఇవ్వాలి, ఆడియో ఆపాలి, కీ తీస్తే కెమెరా ఆగాలి.

రోడ్డు వైపు కెమెరా సంగతి చెప్పకపోతే అన్యాయం. యాక్సిడెంట్ అయితే పెద్ద బండిదే తప్పు అనే లోకం ఇది. ఎడమ పక్క నుంచి దూరిన బైకు, రాంగ్ రూట్లో వచ్చిన ట్రాక్టర్ వీడియోలో ఉంటే కేసు దారి మారుతుంది. కానీ మెమరీ కార్డు లెక్క తెలియాలి. రెండు కెమెరాలు, ఒక్కోటి సెకనుకి 4 మెగాబిట్లు అనుకుంటే గంటకి 3.6 జీబీ. 128 జీబీ కార్డు 35 గంటల్లో నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. దెబ్బ గట్టిగా తగలకపోతే క్లిప్పు చెరిగిపోకుండా లాక్ కాదు. కాబట్టి ఏదైనా జరిగితే బండి పక్కకి తీసి, ఇంజిను ఆపి, కార్డు తీసి కవర్లో పెట్టుకోవాలి. వాట్సాప్‌లో పంపిన వీడియో నలిగిపోతుంది, కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి అసలు ఫైలు కావాలి. మామూలు ఫోన్ కార్డులు వేస్తే మే నెల ఎండకి చచ్చిపోతాయి, కెమెరాలకని అమ్మే హై ఎండ్యూరెన్స్ కార్డే వేయించండి, నెలకోసారి తీసి ఆడుతోందో లేదో చూడండి.

కీ తీస్తే ఆగుతోందా లేదా తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఆ డబ్బాకి సాధారణంగా మూడు వైర్లు వస్తాయి, రంగులు కంపెనీని బట్టి మారొచ్చు గానీ ఒక రకం ఇలా ఉంటుంది: ఎరుపు నేరుగా బ్యాటరీకి, నలుపు ఎర్తుకి, పసుపు కీ లైనుకి. పని తొందరగా అవ్వాలని కొందరు పసుపుని కూడా ఎరుపుతో కలిపి చుట్టేస్తారు, అప్పుడు బండికి కీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉన్నట్టు లెక్క, కెమెరా రాత్రంతా చూస్తూనే ఉంటుంది, బ్యాటరీలూ దిగిపోతాయి. కీ తీసి అరగంట ఆగండి, కొన్నింటికి ఆలస్యంగా ఆగే సెట్టింగు ఉంటుంది. తర్వాత క్యాబిన్ లైట్లు ఆపేసి మీ ఫోన్ ముందు కెమెరా తెరిచి ఆ డబ్బా వైపు పెట్టండి. లెన్సు పక్కన ఊదా రంగు చుక్కలు మెరుస్తుంటే బిగించిన వాడికి ఫోన్ చేసి పసుపు వైరు ఎక్కడ కలిపావని అడగండి.